షుగర్ కోసం బరువు తగ్గించే ఆపరేషన్: నిర్ణయం దగ్గర్నుంచి జీవితకాలపు ఫాలోఅప్ దాకా

బరువు తగ్గించే ఆపరేషన్ మాట రాగానే ఎవరైనా ముందు అడిగేది "ఎన్ని కిలోలు తగ్గుతాను?" అనే. బరువు కోసం చేయించుకునేవాళ్ళు అలా అడగడంలో తప్పేమీ లేదు. టైప్ 2 షుగర్ కోసం ఆలోచిస్తున్నవాళ్ళు మాత్రం ముందు ఇంకోటి అడగాలి: "నా పాంక్రియాస్‌కి ఇన్సులిన్ తయారుచేసే శక్తి ఇంకా ఎంత మిగిలింది?" ఆపరేషన్ ఎవరికి పనికొస్తుంది, ఏ రకం చేయించుకోవాలి, ఎప్పుడు చేయించుకోవాలి, తర్వాత ఎంత ఆశ పెట్టుకోవచ్చు అన్నవన్నీ ఈ ప్రశ్న మీదే ఆధారపడతాయి.

ఇది చదివి ఇంట్లో కూర్చుని నిర్ణయం తీసేసుకోవద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం అడగాలో, ఏ రిపోర్టులు దగ్గర పెట్టుకోవాలో, ఎక్కడ తొందరపడకూడదో తెలియడం కోసం చదవండి.

పొట్టకి ఆపరేషన్ చేస్తే షుగర్ ఎందుకు తగ్గుతుంది?

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని గ్రీన్‌విల్‌లో వాల్టర్ పోరీస్ అనే సర్జన్ బృందం 1980 నుంచి ఊబకాయం ఉన్నవాళ్ళకి గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్నది చేసి, తిండిని నేరుగా పేగులోకి మళ్ళించే ఆపరేషన్) చేస్తూ వచ్చింది. వాళ్ళలో షుగర్ ఉన్న చాలామందికి కొన్ని రోజుల్లోనే, బరువు పెద్దగా తగ్గకముందే, షుగర్ అదుపులోకి రావడం ఆ బృందం గమనించింది. 1995లో ఆ ఫలితాలు ప్రచురించారు. టైప్ 2 షుగర్ ఉన్న ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా షుగర్ నార్మల్‌కి వచ్చిందన్నది అందులోని ముఖ్యమైన సంగతి. షుగర్ ఒకసారి వస్తే ముదరడమే తప్ప వెనక్కి తగ్గదని అందరూ నమ్ముతున్న రోజులవి.

దీని వెనక ఉన్న కారణం ఒక్కటి కాదు. తిన్నది పేగు కింది భాగానికి త్వరగా చేరడంతో జీఎల్‌పీ-1, పీవైవై లాంటి హార్మోన్లు ఎక్కువగా విడుదలవుతాయి. జీఎల్‌పీ-1 భోజనం తర్వాత ఇన్సులిన్‌ని బాగా పని చేయిస్తుంది, ఆకలీ తగ్గిస్తుంది. స్లీవ్ అనే ఇంకో రకం ఆపరేషన్‌లో, జీర్ణాశయంలో ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగాన్నే తీసేస్తారు. పిత్తరసం ప్రవాహమూ, పేగుల్లోని సూక్ష్మజీవులూ మారతాయి. మొదటి రోజుల్లో షుగర్ అంతగా పడిపోవడానికి, తిండి బాగా తగ్గిపోయి లివర్‌లోని కొవ్వు కరగడం కూడా ఒక పెద్ద కారణం. ఆ తర్వాత నెలల్లో, ఏళ్ళలో ఫలితం నిలవాలంటే తగ్గిన బరువు తగ్గినట్టే ఉండాలి.

2015లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం తర్వాత, 2016లో వచ్చిన మార్గదర్శకాలు ఈ ఆపరేషన్‌ని షుగర్ చికిత్సల వరసలోకే చేర్చాయి. అందుకే దీన్ని మెటబాలిక్ సర్జరీ అని కూడా అంటున్నారు. అన్నీ అయిపోయాక దిక్కులేక పట్టే దారిగా దీన్ని చూడటం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో కింద తెలుస్తుంది.

మొదటి మెట్టు: మీది నిజంగా టైప్ 2 షుగరేనా, ఇన్సులిన్ ఎంత మిగిలింది?

పెద్ద వయసులో షుగర్ వచ్చినంత మాత్రాన అది టైప్ 2 అని తేల్చేయలేం. కొందరికి పెద్దయ్యాక కూడా, శరీరం తన ఇన్సులిన్ కణాల మీద తనే దాడి చేసే రకం షుగర్ మెల్లగా మొదలవుతుంది. మాత్రలు తొందరగా పనిచేయడం మానేసి ఏడాది రెండేళ్ళలోనే ఇన్సులిన్ మొదలుపెట్టాల్సి వచ్చినా, ఇంట్లో ఎవరికైనా టైప్ 1 ఉన్నా, ఈ దాడి ఉందో లేదో చూపే గ్యాడ్ యాంటీబాడీ పరీక్ష అడిగి చేయించుకోండి. ఆ రకం షుగర్ ఆపరేషన్‌తో పోదు.

రెండోది సి-పెప్టైడ్ పరీక్ష. పాంక్రియాస్ ఇన్సులిన్ తయారుచేసేటప్పుడు దానితో సమానంగా సి-పెప్టైడ్ కూడా రక్తంలోకి వస్తుంది. ఇంజెక్షన్‌గా తీసుకునే ఇన్సులిన్‌లో ఇది ఉండదు. అందుకే ఇన్సులిన్ వేసుకుంటున్నవాళ్ళలో కూడా సొంత ఉత్పత్తి ఎంత ఉందో దీంతో తెలుస్తుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. షుగర్ మరీ ఎక్కువగా ఉన్న రోజుల్లో పాంక్రియాస్ మొద్దుబారిపోయి సి-పెప్టైడ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. కాబట్టి షుగర్‌ని కాస్త అదుపులోకి తెచ్చుకున్నాక, అదే శాంపిల్‌లో గ్లూకోజ్ కూడా చూసేలా చేయించుకోవాలి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళలో ఇది ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

వయసు, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువుని చూసే లెక్క), సి-పెప్టైడ్, షుగర్ వచ్చి ఎన్నేళ్ళయింది అన్న నాలుగింటినీ కలిపి లెక్కేసే ఏబీసీడీ స్కోరు ఒకటుంది. సున్నా నుంచి 10 దాకా ఉంటుంది. స్కోరు పెరిగేకొద్దీ మందుల్లేకుండా షుగర్ అదుపులో ఉండే అవకాశం పెరుగుతుంది.

ఉదాహరణకి ఇద్దర్ని తీసుకుందాం. ఒకరికి 42 ఏళ్ళు, షుగర్ వచ్చి మూడేళ్ళు, రెండు రకాల మాత్రలతో నెట్టుకొస్తున్నారు, సి-పెప్టైడ్ బాగానే ఉంది. ఇంకొకరికి 58 ఏళ్ళు, షుగర్ వచ్చి పదహారేళ్ళు, రోజుకి రెండుసార్లు ఇన్సులిన్, సి-పెప్టైడ్ తక్కువ. మొదటివాళ్ళు మందులు మానేసే అవకాశం బాగా ఉంది. రెండోవాళ్ళు ఇన్సులిన్ పూర్తిగా మానేయగలరని ఆశ పెట్టడం న్యాయం కాదు. డోసు తగ్గవచ్చు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, లివర్ కొవ్వు మెరుగుపడవచ్చు. వాళ్ళకీ ఆపరేషన్ విలువైనదే కానీ దాన్నుంచి ఆశించేది వేరు. దిక్కులేని దారిగా చూడొద్దని పైన అన్నది అందుకే. పదేళ్ళు ఆగి వస్తే ఇదే ఆపరేషన్ ఇచ్చే ఫలితం తగ్గిపోతుంది.

రెండో మెట్టు: అర్హత చూసుకోవడం

బీఎంఐ అంటే బరువుని కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది. 165 సెంటీమీటర్ల ఎత్తు, 82 కిలోల బరువు ఉంటే బీఎంఐ దాదాపు 30. బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే) సర్జన్ల అంతర్జాతీయ సంఘాలు 2022లో మార్చిన నియమాల ప్రకారం బీఎంఐ 35, ఆపైన ఉంటే వేరే జబ్బులున్నా లేకున్నా ఆపరేషన్ సిఫారసు చేయవచ్చు. టైప్ 2 షుగర్ ఉంటే 30 నుంచే సిఫారసు చేస్తారు. ఆసియా మూలాలున్నవాళ్ళకి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగర్ వస్తుంది కాబట్టి 27.5 నుంచే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు.

గర్భంతో ఉన్నవాళ్ళు, మద్యానికో డ్రగ్స్‌కో అలవాటుపడి ఇంకా బయటపడనివాళ్ళు, తీవ్రమైన మానసిక సమస్యకి చికిత్స మొదలుపెట్టనివాళ్ళు, మత్తు తట్టుకోలేనంత గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు ఇప్పటికి ఆగాలి. జీవితాంతం విటమిన్లు వేసుకుని పరీక్షలకి వస్తానని మనస్ఫూర్తిగా అనుకోలేనివాళ్ళు కూడా ఆగాలి.

మూడో మెట్టు: మిగతా దారులతో పోల్చి చూడటం

బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అధ్యయనంలో, షుగర్ వచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళకి కొన్ని నెలలపాటు రోజుకి సుమారు 850 కేలరీల ఆహారం మాత్రమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందుల్లేకుండా షుగర్ అదుపులో ఉంది. రెండేళ్ళకి అది 36 శాతానికి తగ్గింది. షుగర్ కొత్తగా వచ్చినవాళ్ళు మంచి పర్యవేక్షణ దొరికితే ముందు ఈ దారి ప్రయత్నించవచ్చు. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు బరువునీ షుగర్‌నీ రెంటినీ బాగా తగ్గిస్తాయి. ఆపేస్తే మాత్రం తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుంది. ఆపరేషన్‌కి ముందు గానీ తర్వాత గానీ ఈ మందులు వాడే రోగులూ ఉన్నారు. ఒకటి ఎంచుకుంటే రెండోదానికి తలుపు మూసుకుపోదు.

నాలుగో మెట్టు: ఏ ఆపరేషన్?

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి సుమారు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. సన్నటి గొట్టంలాంటి భాగం మిగులుతుంది. పేగుల జోలికి వెళ్ళరు. తీసేసిన భాగాన్ని మళ్ళీ పెట్టలేరు.

రూ-ఎన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి తయారుచేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. మిగతా జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం లోపలే ఉంటాయి కానీ ఆహారం వాటి మీదుగా పోదు. ఒకే అతుకుతో చేసే మినీ బైపాస్ కూడా చాలాచోట్ల చేస్తున్నారు. అన్నిటికన్నా గట్టిగా షుగర్ తగ్గించేవి, చిన్నపేగులో చాలా భాగాన్ని తప్పించి తిండిని పంపే బీపీడీ, డ్యూయోడినల్ స్విచ్ రకాలు. వాటితో ప్రోటీన్, విటమిన్ల లోపాలూ అంతే ఎక్కువగా వస్తాయి కాబట్టి తక్కువమందికే చేస్తారు.

షుగర్ విషయంలో ఏది మేలో తేల్చే ప్రయత్నాల్లో పేరున్నది క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ళ స్టాంపీడ్ అధ్యయనం. 150 మందిని మూడు జట్లుగా విడదీసి అయిదేళ్ళు గమనించారు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చూపే రక్త పరీక్ష) 6 శాతం లేదా అంతకన్నా తక్కువకి చేరినవాళ్ళు బైపాస్ జట్టులో 29 శాతం, స్లీవ్ జట్టులో 23 శాతం, మందులు మాత్రమే వాడినవాళ్ళలో 5 శాతం. రోమ్‌లో చేసిన ఇంకో అధ్యయనంలో పదేళ్ళ తర్వాత బైపాస్ వాళ్ళలో 25 శాతం, బీపీడీ వాళ్ళలో 50 శాతం మందికి షుగర్ తిరగబెట్టలేదు.

ఈ అంకెలు రెండు సంగతులు చెబుతున్నాయి. ఆపరేషన్ ఫలితం మందుల కన్నా స్పష్టంగా ఎక్కువ. అలాగని అది అందరికీ శాశ్వతమైన విముక్తీ కాదు. "షుగర్ గ్యారంటీగా పోతుంది" అని ప్రకటన ఇచ్చే చోట జాగ్రత్తగా ఉండండి.

స్లీవ్, బైపాస్‌ల మధ్య తేడా అంకెల్లో చిన్నదే. ఎంపిక ఎక్కువగా మీ మిగతా ఆరోగ్యాన్ని బట్టి జరుగుతుంది. ఛాతీలో మంట, పులితేన్పులు తీవ్రంగా ఉంటే స్లీవ్‌తో అది పెరగవచ్చు కాబట్టి బైపాస్ మేలు. కీళ్ళ నొప్పులకి నొప్పి మాత్రలు తప్పనివాళ్ళకి, పొగ మానలేనివాళ్ళకి బైపాస్ తర్వాత అతుకు దగ్గర పుండు పడే ప్రమాదం ఎక్కువ.

అయిదో మెట్టు: జట్టుని ఎంచుకోవడం

సర్జన్ చేతి నైపుణ్యం ముఖ్యమే, ఆయన వెనక ఉన్న జట్టు అంతకన్నా ముఖ్యం. షుగర్ డాక్టర్, డైటీషియన్, మత్తు డాక్టర్, మానసిక నిపుణుడు ఉన్నారో లేదో చూడండి. "ఏడాదికి ఎన్ని చేస్తారు? కుట్ల దగ్గర లీకు ఎంతమందికి వచ్చింది? అయిదేళ్ళ తర్వాత మీ రోగుల్లో ఎంతమంది ఇంకా ఫాలోఅప్‌కి వస్తున్నారు? రాత్రి పూట కడుపునొప్పి వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?" అని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. చివరి రెండు ప్రశ్నలకి తడుముకునే చోట నేనైతే చేరను.

ఆరో మెట్టు: ఆపరేషన్‌కి ముందు వారాలు

రక్త పరీక్షల్లో హిమోగ్లోబిన్, ఐరన్, బి12, ఫోలేట్, విటమిన్ డి, లివర్, కిడ్నీ, థైరాయిడ్ చూస్తారు. లోపాలుంటే ముందే సరిచేయించుకోవాలి. ఎండోస్కోపీ, గుండె పరీక్ష ఉంటాయి. గురక ఎక్కువగా ఉంటే నిద్ర పరీక్ష చేస్తారు, అవసరమైతే నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీప్యాప్ మెషీన్ ముందు నుంచే వాడాలి.

చాలామంది వదిలేసేది కంటి పరీక్ష. ఎన్నాళ్ళుగానో ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా పడిపోతే రెటీనా జబ్బు కొందరిలో ముదురుతుంది. కాబట్టి కంటి పాప పెద్దది చేసి చూసే పరీక్ష ముందే చేయించుకుని, లేజర్ గానీ ఇంజెక్షన్ గానీ అవసరమైతే అది అయ్యాకే ఆపరేషన్‌కి వెళ్ళాలి.

పొగతాగేవాళ్ళు కనీసం ఆరు వారాల ముందు మానాలి, తర్వాత మళ్ళీ మొదలుపెట్టకూడదు. రెండు వారాల ముందు నుంచి తక్కువ కేలరీల ఆహారం పెడతారు. లివర్ చిన్నదై సర్జన్‌కి చోటు దొరుకుతుంది.

ఈ ఆహారం మొదలుపెట్టే రోజే షుగర్ మందులు మార్చాల్సిన రోజు కూడా. తిండి సగానికి సగం తగ్గించి పాత డోసే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తిండి తగ్గిన స్థితిలో ఇవి కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పెరిగిపోవడం) తెచ్చిపెట్టగలవు, అదీ షుగర్ మామూలుగా కనిపిస్తుండగానే. ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు వీటిని ఆపాలి, డైట్ మొదలైనప్పుడే ఆపమనే డాక్టర్లూ ఉన్నారు. మీకు ఎప్పుడన్నది కాగితం మీద రాయించుకోండి.

ఏడో మెట్టు: ఆపరేషన్

పొట్ట మీద చిన్న చిన్న గాట్లు పెట్టి కెమెరాతో, లాప్రోస్కోపీ పద్ధతిలో చేస్తారు. సాధారణంగా గంట నుంచి మూడు గంటలు పడుతుంది. అదే రోజు నడిపిస్తారు, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి ఇంజెక్షన్లు ఇస్తారు. అనుభవమున్న చోట మొదటి నెలలో ప్రాణాపాయం వెయ్యికి ఒకటి నుంచి మూడు దాకా ఉంటుంది, అంటే పిత్తాశయం ఆపరేషన్ లాంటివాటికి దగ్గరగా.

ఎనిమిదో మెట్టు: మొదటి నెలలో మందులూ, తిండీ

జట్టు ఎంత మంచిదైనా, ఇంటికొచ్చాక మొదటి రెండు వారాలు మీ చేతిలోనే ఉంటాయి. రోజుకి నాలుగుసార్లు షుగర్ చూసి నోట్‌బుక్‌లో రాయండి: పొద్దున్నే, రెండు పూటల తినకముందు, పడుకోబోయే ముందు. పక్కనే ఆ రోజు వేసుకున్న మందు, తాగిన నీళ్ళు, బీపీ రాయండి. ఫోన్‌లో డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు "బాగానే ఉంది" అనడం కన్నా ఈ పేజీ చదివితే డోసు సరిగ్గా మారుతుంది. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు మామూలుగా ఆపేస్తారు. ఇన్సులిన్ బాగా తగ్గిస్తారు లేదా ఆపేస్తారు. మెట్‌ఫార్మిన్ చాలామందికి కొనసాగుతుంది, అయితే ఎక్కువసేపు పనిచేసే పెద్ద మాత్ర బదులు మామూలు మాత్రో ద్రవరూపమో ఇస్తారు. బీపీ మందులు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయించేవి, పాత డోసులో వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. టైప్ 1 తరహా షుగర్ ఉన్నవాళ్ళు ఇన్సులిన్ ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు.

తిండి మొదట ద్రవాలు, తర్వాత మెత్తగా రుబ్బినవి, తర్వాత మెత్తటివి, దాదాపు ఆరు నుంచి ఎనిమిది వారాలకి మామూలు ఆహారం. మొదటి రోజుల్లో మందు కప్పులో పోసుకున్న 30 మిల్లీలీటర్ల నీళ్ళు తాగడానికే పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఒక్క గుటక ఎక్కువైనా ఛాతీ మధ్యలో పట్టేసినట్టు ఉంటుంది. అది మామూలే, వేగం తగ్గించండి. తర్వాత రోజుకి ఒకటిన్నర లీటర్ల ద్రవాలు, 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ లక్ష్యంగా పెట్టుకోవాలి. ప్రతి పూటా ముందు ప్రోటీన్ తినండి. తిండికీ నీళ్ళకీ మధ్య అరగంట ఎడం ఉండాలి.

కింద చెప్పినవాటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి:

- విశ్రాంతిగా ఉన్నా నాడి నిమిషానికి 120 దాటడం
- జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి
- ఊపిరి అందకపోవడం, ఒక కాలు వాచి నొప్పి పెట్టడం
- రక్తపు వాంతి, నల్లటి విరేచనం
- నీళ్ళు కూడా నిలవని వాంతులు

ఆఖరిదాన్ని చాలామంది ఓర్చుకుంటారు. రోజుల తరబడి వాంతులైతే విటమిన్ బి1 అడుగంటి మెదడూ నరాలూ దెబ్బతింటాయి. అలాంటప్పుడు గ్లూకోజ్ సెలైన్ కన్నా ముందు థయామిన్ ఇవ్వాలి. వేరే హాస్పిటల్‌కి వెళ్ళాల్సి వస్తే "నాకు బరువు తగ్గించే ఆపరేషన్ అయింది, థయామిన్ (బి1) ఇచ్చారా?" అని మీరే అడగండి.

తొమ్మిదో మెట్టు: ఆ తర్వాత, ఎప్పటికీ

మల్టీవిటమిన్, ఐరన్, బి12, విటమిన్ డి, కాల్షియం సిట్రేట్ జీవితాంతం ఉంటాయి. కాల్షియం రోజుకి 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాములు, విడతలుగా వేసుకోవాలి. ఐరన్, కాల్షియం కలిపి వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటబట్టదు, రెండు గంటల ఎడం ఇవ్వండి. త్వరగా బరువు తగ్గేవాళ్ళకి పిత్తాశయంలో రాళ్ళు వస్తాయి కాబట్టి ఆరు నెలలు అర్సోడియాల్ అనే మందు రాస్తారు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు 12 నుంచి 18 నెలలు ఆగాలి. ఆ ఆగే కాలంలో, ముఖ్యంగా బైపాస్ తర్వాత, గర్భనిరోధక మాత్రల మీద ఆధారపడొద్దు, వేరే పద్ధతి అడగండి. తర్వాత గర్భం వస్తే గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష వద్దని చెప్పాలి, ఇంట్లో మీటర్‌తో చూసుకోవచ్చు. మద్యం మునుపటి కన్నా వేగంగా ఎక్కుతుంది, కొత్తగా అలవాటుపడే ప్రమాదమూ ఉంది.

ఏడాదో రెండేళ్ళో గడిచాక కొందరికి తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో చెమటలు, వణుకు, అయోమయం వస్తాయి. షుగర్ బాగా పడిపోవడం వల్లే ఇది. అప్పటికి తీపి తింటే సర్దుకుంటుంది కానీ తీపి ఎక్కువైతే మళ్ళీ అదే తిరగబెడుతుంది. రోజువారీ తిండిలో తీపి, పిండి పదార్థాలు తగ్గించి ప్రోటీన్ పెంచాలి, డాక్టర్‌కి చెప్పాలి.

షుగర్ మందులు ఆపేసి కనీసం మూడు నెలలు గడిచాక కూడా హెచ్‌బీఏ1సీ 6.5 లోపే ఉంటే దాన్ని రెమిషన్ అంటారు. 2021లో నిపుణులు కలిసి ఒప్పుకున్న నిర్వచనం ఇది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఆపరేషన్ తర్వాత ఐరన్ లోపం సాధారణం, ఆ లోపం ఉన్నప్పుడు హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. అంకె పెరిగిందని కంగారుపడే ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ) చూపించుకుని, ఇంటి మీటర్ రీడింగులతో పోల్చండి.

రెమిషన్‌లో ఉన్నా ఏడాదికోసారి కళ్ళు, మూత్రంలో అల్బుమిన్, పాదాలు చూపించుకోవాలి. గతంలో ఎక్కువ షుగర్ చేసిన నష్టం తర్వాత కూడా బయటపడుతూ ఉంటుంది. షుగర్ తిరగబెడితే దాన్ని మీ ఓటమిగా తీసుకుని డాక్టర్‌కి కనపడకుండా తిరగొద్దు. ఇన్సులిన్ శక్తి కాలంతో తగ్గడం ఆ జబ్బు లక్షణం. అంకె 6.5 దాటిన మొదటిసారే వెళ్తే చాలామందికి మెట్‌ఫార్మిన్ గానీ సెమాగ్లుటైడ్ లాంటి జీఎల్‌పీ-1 ఇంజెక్షన్ గానీ సరిపోతుంది, మునుపటి ఇన్సులిన్ డోసుల దాకా వెళ్ళాల్సిన పని పడకపోవచ్చు.